వాతావరణమా, శీతోష్ణస్థితా: ఎనిమిదో తరగతికి ఎలా చెప్పాలి?

నల్లబల్ల | సోమవారం, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎనిమిదో తరగతికి సామాన్య శాస్త్రం చెబుతాను. వచ్చే వారం వాతావరణం, శీతోష్ణస్థితి పాఠం మొదలుపెట్టాలి. పోయిన ఏడాది ఇదే పాఠం దగ్గర బోల్తా పడ్డాను, అందుకే ఈసారి ముందే అడుగుతున్నాను.

"ఒక చోట ఒక సమయంలో ఎండ, గాలి, తేమ ఎలా ఉన్నాయో అది వాతావరణం. చాలా ఏళ్ల సగటు శీతోష్ణస్థితి" అని బల్ల మీద రాశాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో తు.చ. తప్పకుండా అప్పజెప్పారు. ఆ తర్వాత ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, కిందటి పాఠంలో వాతావరణం అంటే భూమి చుట్టూ ఉన్న గాలి అన్నారు. ఈ పాఠంలో వాతావరణం అంటే ఈ రోజు వాన అంటున్నారు. వార్తల్లో వాతావరణ మార్పు అని వందేళ్ల సంగతి చెబుతున్నారు. ఇందులో ఏది వాతావరణం?"

నాకు జవాబు తోచలేదు. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను. నిర్వచనాలు నా దగ్గర ఉన్నాయి, అవి పిల్లల బుర్రలో దిగే దారే కావాలి.

పదకోశం | సోమవారం, రాత్రి 9:15

ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. తప్పు పిల్లలది కాదు, మాటది. వాతావరణం అన్న ఒక్క మాట చేత మనం మూడు కొలువులు చేయిస్తున్నాం. కూర్పును బట్టి చూస్తే వాత, ఆవరణం: భూమిని ఆవరించి ఉన్న గాలి. ఇది ఒక కొలువు. రోజువారీ ఎండ, వాన, మబ్బు రెండోది. ఇక వాతావరణ మార్పు అన్నప్పుడు నిజానికి శీతోష్ణస్థితి మార్పు అనాలి, కాని ఆ మాటకు నోరు తిరగదు, పత్రికల శీర్షికలో పట్టదు. అందుకని అది కూడా ఈ మాట నెత్తినే పడింది. (ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మానేసినప్పుడు "వాతావరణం బాగాలేదు" అంటామే, అది నాలుగో కొలువు.)

శీతోష్ణస్థితి మాత్రం ఏమంత న్యాయం చేసింది? అందులో శీతం ఉంది, ఉష్ణం ఉంది, వాన లేదు, గాలి లేదు. కాబట్టి నిర్వచనానికి ముందు ఈ చిక్కునే పిల్లల ముందు పెట్టండి. వార్తల కత్తిరింపులు ఇచ్చి, ఈ వాక్యంలో వాతావరణం ఏ కొలువులో ఉందో చెప్పమనండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

ఆవిరి | సోమవారం, రాత్రి 10:05

మాట సంగతి పదకోశం గారు తేల్చారు. పోలిక నేనిస్తాను.

ఒక కాగితం మీద "క" అని ఒక్క అక్షరం రాసి, ఇది ఎవరి దస్తూరీ అని అడగండి. ఎవరూ చెప్పలేరు. అదే మనిషి రాసిన ముప్ఫై పేజీల నోటు పుస్తకం ఇస్తే చెబుతారు: తలకట్లు ఎత్తుగా పెడతాడు, కొమ్ములు పొడుగ్గా లాగుతాడు, వరుస చివరికి వచ్చేసరికి అక్షరాలు పైకి ఎగబాకుతాయి. ఒక్కో అక్షరం ఒక్కో రోజు వాతావరణం. దస్తూరీ శీతోష్ణస్థితి.

ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్నవాడు కూడా ఒకోసారి ఒక అక్షరం వంకరగా రాస్తాడు. దాన్ని చూసి దస్తూరీ మారిందని ఎవరూ అనరు. నడివేసవిలో ఒక చల్లటి రోజు వస్తే దాన్ని పట్టుకుని ఏమీ తేల్చకూడదు, పేజీలు తిప్పాలి. ఇరవై ఏళ్లప్పుడు రాసినదీ అరవై ఏళ్లప్పుడు రాసినదీ పక్కపక్కన పెట్టినప్పుడే మార్పు కనబడుతుంది.

పాదరసం | మంగళవారం, ఉదయం 6:20

ముప్ఫై పేజీలని ఆవిరి గారు కావాలనే అన్నారేమో! అసలు లెక్కా ముప్ఫైయే. ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును "సాధారణం" అంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు లెక్కగట్టినది. "సాధారణం కంటే 4 డిగ్రీలు ఎక్కువ" అని వార్తల్లో వినిపించే సాధారణం ఇదే. 1935లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో మొదటిసారి 1901 నుంచి 1930 వరకు ఉన్న కాలాన్ని కొలబద్దగా తీసుకున్నారు. ముప్ఫైలో మహత్తేమీ లేదు. పదేళ్లే తీసుకుంటే ఒకటి రెండు విపరీతమైన సంవత్సరాలు సగటును తమ వైపు లాగేస్తాయి. వందేళ్లు తీసుకుంటే అసలు మార్పే సగటులో కరిగి కనబడకుండా పోతుంది.

ఒక్క విన్నపం. "సగటు" దగ్గర ఆగిపోకండి. నేను చాలా ఏళ్లు వాతావరణ పరిశీలన కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. సగటు చేసినంత మోసం ఇంకేదీ చేయదని ఆ పట్టికలు నింపి నింపి నేర్చుకున్నాను. రష్యాలో సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్ తీసుకోండి. అక్కడ నమోదైన అత్యల్పం మైనస్ 67.8 డిగ్రీలు. 2020 జూన్ 20న అదే ఊళ్లో 38 డిగ్రీలు నమోదైంది. మధ్య దూరం నూరు డిగ్రీలకు పైనే. దానికి ఒక సగటు కట్టి చేతిలో పెడితే అది చూసి ఏ బట్టలు సర్దుకుంటారు? శీతోష్ణస్థితి అంటే సగటుతో పాటు పైకి ఎంతవరకు పోతుంది, కిందికి ఎంతవరకు దిగుతుంది, ఏ నెలలో వాన, ఎన్నేళ్లకోసారి కరువు, ఇవన్నీ కలిపిన చిత్రం.

చిరుజల్లు | మంగళవారం, సాయంత్రం 5:30

అందరికీ నమస్కారం అండీ. నేను తొమ్మిదో తరగతి. ఇక్కడ పిల్లలు కూడా అడగవచ్చా? నాకు రెండు సందేహాలు ఉన్నాయి. జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుందని చదివాను. మరి చలి ఎందుకు? రెండోది, కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, అక్కడ ఇంకా చల్లగా ఎందుకు ఉంటుంది?

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 5:48

తప్పకుండా అడగవచ్చు. సొంత పేరు, బడి పేరు మాత్రం రాయకు.

ధ్రువతార | మంగళవారం, రాత్రి 7:25

చిరుజల్లూ, నీ రెండు ప్రశ్నల వెనుక ఉన్నది ఒకటే అపోహ: దగ్గరైతే వేడి, దూరమైతే చలి. పొయ్యి విషయంలో నిజమే. సూర్యుడి విషయంలో కొలతలు చూద్దాం.

జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, జూలై మొదటి వారంలో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. తేడా మూడు శాతం పైచిలుకు. రుతువులకు కారణం ఇదే అయితే జనవరిలో భూగోళమంతటా ఒకేసారి వేసవి రావాలి. కాని జనవరిలో ఉత్తరార్ధగోళంలో చలికాలం, దక్షిణార్ధగోళంలో వేసవి. ఈ ఒక్క ముక్కతోనే దూరం కథ కూలిపోతుంది.

అసలు కారణం వంపు. భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వంగి ఉంది. అందువల్ల జనవరిలో ఉత్తరార్ధగోళం మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. చీకటి గదిలో టార్చిలైటును కాగితం మీదికి నిట్టనిలువుగా వేసి, పడిన వెలుగు చుట్టూ పెన్సిలుతో గీయి. ఇప్పుడు లైటును బాగా ఏటవాలుగా పెట్టి మళ్లీ గీయి. వెలుగు అదే, పరుచుకున్న చోటు పెద్దదయింది, అంటే ఒక్కో అంగుళానికి అందేది తగ్గింది. సూర్యుడు ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అదే కిరణాల కట్ట రెట్టింపు నేల మీద పరుచుకుంటుంది. దీనికి తోడు చలికాలంలో పగలు కూడా పొట్టిది.

ఇక కొండ. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఎవరెస్టు శిఖరం ఎక్కినా సూర్యుడికి దగ్గరయ్యేది 9 కిలోమీటర్ల లోపే. పదిహేను కోట్లలో తొమ్మిది ఏ మూలకు? గాలిని ఎండ నేరుగా వేడి చేసేది తక్కువ. ఎండ నేలను వేడి చేస్తుంది, నేల తన మీద ఉన్న గాలిని వేడి చేస్తుంది. అంటే పొయ్యి కింద ఉంది, పైన కాదు. పైకి వెళ్లిన గాలి మీద ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుందని గుర్తుపెట్టుకో.

చిరుజల్లు | మంగళవారం, రాత్రి 7:52

టార్చి వేసి చూశాను అండీ! నిలువుగా వేస్తే గుండ్రంగా వచ్చింది, ఏటవాలుగా వేస్తే కోడిగుడ్డులా సాగింది. మరి మధ్యాహ్నం 12కి సూర్యుడు నడినెత్తిన ఉంటే ఎండ మండిపోయేది రెండు మూడు గంటలకు ఎందుకు?

ఆవిరి | మంగళవారం, రాత్రి 8:30

రాబడి, ఖర్చు లెక్కలా చూడు. నేలకు ఎండ నుంచి వచ్చే వేడి రాబడి. నేల తిరిగి ఆకాశంలోకి వదిలేది ఖర్చు. 12 గంటలకు రాబడి శిఖరం మీద ఉంటుంది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చినా ఇంకా కాసేపు ఖర్చు కంటే ఎక్కువే. మిగులు ఉన్నంతసేపు నిల్వ పెరుగుతుంది, అంటే వేడి పెరుగుతుంది. రెండూ సమానమయ్యే వేళకు రెండో మూడో అవుతుంది. రాత్రంతా ఖర్చే, అందుకే అన్నిటికంటే చల్లటి వేళ అర్ధరాత్రి కాదు, తెల్లవారుజాము. ఏడాదికీ ఇదే లెక్క: అతి పొడవైన పగలు వచ్చిన రోజున కాక, చాలా చోట్ల కొన్ని వారాల తర్వాత వేడి శిఖరానికి చేరుతుంది.

నల్లబల్ల | బుధవారం, రాత్రి 9:10

మీ మాటలు విని ఆగలేక ఈ రోజే ఒక ప్రయోగం చేసేశాను. రెండు థర్మామీటర్లు తీసుకున్నాను. ఒకటి గచ్చు మీద ఎండలో, ఇంకొకటి చెట్టు కొమ్మకు నీడలో. పావుగంట తర్వాత చూస్తే ఎండలోది 47, నీడలోది 36. పిల్లలు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. సగం మంది "47 నిజం, మనం ఎండలోనే కదా నిలబడ్డాం" అని, మిగతా సగం "వార్తల్లో 36 అన్నారు" అని. నేను 36 వైపు నిలబడ్డాను గాని, ఎందుకు అని గట్టిగా చెప్పలేకపోయాను.

పాదరసం | గురువారం, ఉదయం 6:05

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు! రెండు థర్మామీటర్లూ నిజమే చెప్పాయి, కాని వేరు వేరు సంగతులు చెప్పాయి. ఎండలో పెట్టినది ఎండను మింగి, గచ్చు సెగ తగిలి, తానే వేడెక్కింది. అది చెప్పింది తన జ్వరం, గాలి జ్వరం కాదు. దాని గాజు నల్లగా ఉంటే ఇంకో అంకె, తెల్లగా ఉంటే ఇంకో అంకె వచ్చేది. పరికరాన్ని బట్టి మారే అంకెతో ఒక ఊరిని ఇంకో ఊరితో ఎలా పోల్చగలం?

అందుకే కేంద్రాల్లో థర్మామీటర్లను తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో పెడతారు. నాలుగు గోడలకూ కిటికీ రెక్కల్లా ఏటవాలు చీలికలు ఉంటాయి: గాలి దూరుతుంది, ఎండ దూరదు. నేల సెగ తగలకుండా స్తంభాల మీద సుమారు మనిషి ఛాతీ ఎత్తున నిలబెడతారు. ఉత్తరార్ధగోళంలో దాని తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు కూడా ఎండ నేరుగా పడకూడదని. ఈ పెట్టెను రూపొందించినవాడు థామస్ స్టీవెన్‌సన్, స్కాట్లండ్‌లో దీపస్తంభాలు కట్టిన ఇంజినీరు.

నేను కొలువులో చేరిన కొత్తలో పెట్టె తలుపు తెరిచి, ముఖం దగ్గరగా పెట్టి, తీరిగ్గా అంకె చదివాను. వెనక నిలబడిన పెద్దాయన "నీ ఊపిరి ఉష్ణోగ్రత రాసుకున్నావా?" అన్నారు. తలుపు తీయగానే ఊపిరి బిగబట్టి ముందు దశాంశం చదవాలి, తర్వాతే పూర్ణాంకం. ఎందుకంటే మనిషి దగ్గరకు రాగానే ముందు కదిలేది దశాంశమే. మీ పిల్లల చేత కూడా అలాగే చదివించండి.

పదకోశం | గురువారం, ఉదయం 9:40

"తన జ్వరం, గాలి జ్వరం కాదు." దీన్ని దాచుకుంటున్నాను.

గాలివాటం | గురువారం, మధ్యాహ్నం 1:15

ఇంతవరకు చదివాను, బాగుంది. కాని అందరూ పక్కకు తప్పుకుంటున్న ప్రశ్న ఒకటి ఉంది, మొహమాటం లేకుండా అడుగుతాను. పది రోజుల తర్వాత వాన పడుతుందో లేదో చెప్పలేనివాళ్లు, యాభై ఏళ్ల తర్వాత భూమి ఎంత వేడెక్కుతుందో చెబుతామంటే నమ్మాలా? నా కొడుకు ఇదే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించడం నాకు చేతకాదు.

ఆవిరి | గురువారం, రాత్రి 8:45

గాలివాటం గారూ, ఈ చర్చ మొత్తంలో ఇది మంచి ప్రశ్న. కాస్త తీరిగ్గా రాస్తాను.

ముందు పది రోజుల సంగతి. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చిన్న కంప్యూటర్ మీద ఒక బొమ్మ వాతావరణాన్ని, అంటే కొన్ని సమీకరణాలను, నడిపిస్తున్నాడు. ఒక లెక్కను మధ్య నుంచి మళ్లీ నడపాలనుకుని, ముందు అచ్చయిన కాగితం మీద ఉన్న అంకెను ఎక్కించి కాఫీకి వెళ్లాడు. తిరిగి వచ్చి చూస్తే కొత్త లెక్క పాతదానితో కొంతదూరం కలిసి నడిచి, ఆ తర్వాత పూర్తిగా వేరే దారి పట్టింది. యంత్రం పాడైందనుకున్నాడు. తీరా చూస్తే కంప్యూటర్ లోపల ఉన్న అంకె 0.506127, కాగితం మీద అచ్చయినది 0.506. ఆ తోకముక్క తేడాకే వాతావరణం మొత్తం మారిపోయింది.

మనం గాలి ఉష్ణోగ్రతను ప్రపంచంలో ప్రతి గజానికీ ఆరో దశాంశం వరకు కొలవలేం. కొలవని ఆ తోకముక్కలు రోజురోజుకూ పెరిగి, సుమారు రెండు వారాలకల్లా సూచనను మింగేస్తాయి. పరికరాలు ఎంత మెరుగైనా ఈ గోడ పెద్దగా జరగదు.

ఇప్పుడు యాభై ఏళ్ల సంగతి. పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టండి. మరుగుతున్నప్పుడు తర్వాతి బుడగ ఎక్కడ లేస్తుందో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. మంట పెంచితే బుడగలు ఎక్కువవుతాయని మాత్రం ఇద్దరం చెప్పగలం. మొదటి ప్రశ్నకు గిన్నెలోని ప్రతి చుక్క సంగతీ తెలియాలి. రెండోదానికి మంట ఎంతో తెలిస్తే చాలు.

మీ అబ్బాయిని ఇలా అడగండి: ఆరు నెలల తర్వాత ఒకానొక మంగళవారం ఎంత వేడి ఉంటుంది? చెప్పలేడు. వచ్చే వేసవి వచ్చే చలికాలం కంటే వేడిగా ఉంటుందా? నవ్వి, ఉంటుందంటాడు. పది రోజుల సూచన చేతకానివాడు ఆరు నెలల తర్వాతి సంగతి ఎలా చెప్పగలిగాడు? ఎండ రాబడి ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో వాడికి తెలుసు కాబట్టి.

పాదరసం | గురువారం, రాత్రి 9:30

సూచన చెప్పేవాళ్ల పక్షాన రెండు ముక్కలు. 1861లో బ్రిటన్‌లో పత్రికలో రోజువారీ వాతావరణ సూచనలు వేయించడం మొదలుపెట్టినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెన్ ఈయనే. ఇవి జోస్యాలు కావని ఆయన అప్పుడే తేల్చి చెప్పాడు. తెలుగులో సూచన అన్న మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి, అందులో జోస్యం వాసనే లేదు.

"వాన పడే అవకాశం 40 శాతం" అన్న రోజున వాన పడకపోతే సూచన తప్పిందనకండి. అలాంటి సూచన ఇచ్చిన పది రోజులు లెక్కపెట్టండి. సుమారు నాలుగు రోజులు పడితే సూచన ఒప్పు. పది రోజులూ పడినా తప్పే! పిల్లలకు ఒక నెల పాటు ఈ లెక్క రాయమని పని పెట్టవచ్చు.

సరదాకి ఇంకొకటి: లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆయన కంప్యూటర్లు లేని రోజుల్లో కాగితం, పెన్సిలు పట్టుకుని ఆరు గంటల మార్పును లెక్కగట్టాడు. గాలి పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని తేలింది. నిజంగా ఆ రోజు పీడనం దాదాపు కదలనే లేదు. అయినా ఆ తప్పు లెక్కను దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద మొదటి సూచన లెక్కించినప్పుడు 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలు పట్టింది. అంటే సూచన, వాతావరణం పక్కపక్కనే పరుగెత్తాయి.

గాలివాటం | శుక్రవారం, ఉదయం 7:50

గిన్నె పోలిక ఒప్పుకుంటున్నాను. అయితే మంట ఎవరు పెంచుతున్నారన్నది వేరే ప్రశ్న కదా. మనుషులు పుట్టక ముందు కూడా మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. వాటికి ఎవరు కారణం?

ధ్రువతార | శుక్రవారం, ఉదయం 10:20

ఎవరూ కాదు. భూమి కక్ష్య, అక్షం వంపు వేల ఏళ్ల మీద నెమ్మదిగా ఊగుతాయి, ఎండ పంపకం మారుతుంది, మంచు పెరుగుతుంది, కరుగుతుంది. అగ్నిపర్వతాలూ ఒక చేయి వేస్తాయి: 1815లో ఇండోనేషియాలో తంబోరా పేలితే మరుసటి ఏడాది యూరప్, ఉత్తర అమెరికాల్లో వేసవే రాలేదన్నంత చలి పడింది. 1991లో పినటూబో పేలాక భూగోళం సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గి, రెండు మూడేళ్లలో కోలుకుంది.

కార్చిచ్చులు మనిషి పుట్టకముందూ ఉన్నాయి. అంతమాత్రాన ఈ రోజు తగలబడిన గడ్డివాము దగ్గర అగ్గిపెట్టె దొరికితే పక్కన పెట్టేస్తామా?

ఆవిరి | శుక్రవారం, మధ్యాహ్నం 2:00

ఆ అగ్గిపెట్టె సంగతి కొంచెం. పొడి గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. నేల నుంచి వెలువడే వేడి కిరణాలకు ఈ రెండూ అడ్డు రావు. అడ్డు వచ్చేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి, పరిమాణంలో కొసరే. ఆ కొసరే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీలు ఉండేది. ఉన్నందువల్ల దాదాపు 15. కాబట్టి ఈ దుప్పటి చెడ్డదని పిల్లలకు చెప్పకండి, అది లేకపోతే మనం లేము. దుప్పటి మందం పెరగడమే పేచీ.

1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతుందనీ, చల్లబడడానికి ఎక్కువసేపు తీసుకుంటుందనీ చూసింది. 1859లో జాన్ టిండాల్ వేడి కిరణాలను ఏ వాయువు ఎంత మింగుతుందో కొలిచాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను వరుసగా కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు నుంచి వచ్చిన కార్బన్‌కు ఒక ప్రత్యేకమైన ముద్ర ఉంటుంది. గాలిలోని కార్బన్‌లో ఆ ముద్ర పెరుగుతోంది. ఊహతో అన్న మాట కాదు, కొలిచి చూసినది.

గాలివాటం | శుక్రవారం, సాయంత్రం 6:10

సరే. కార్బన్ ముద్ర సంగతి నాకు తెలియదు, చదువుతాను. నా వైపు నుంచి నల్లబల్ల గారికి ఒక్క మనవి: ఎండ మండిన ప్రతిసారీ "చూశారా, శీతోష్ణస్థితి మార్పు" అని చెప్పకండి. అలా చెబితే చలి పడిన రోజున పిల్లవాడు "మరి ఇదేమిటి?" అంటాడు.

పాదరసం | శుక్రవారం, సాయంత్రం 6:40

ఇందులో మీ మాటే నా మాట.

నల్లబల్ల | శనివారం, ఉదయం 8:15

రాసుకున్నాను. ఇక మేఘాల దగ్గర సాయం కావాలి. "నీళ్లు ఆవిరై పైకి పోయి చల్లబడి మేఘమవుతాయి" అని ఒక్క వాక్యంలో దాటేస్తాం. పైకి ఎందుకు పోతాయని అడిగితే నాకు చిక్కే.

ఆవిరి | శనివారం, ఉదయం 11:30

పెద్దవాళ్లు కూడా తలకిందులుగా అనుకునే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. తేమ గాలి బరువైనదని మనకు అనిపిస్తుంది, ఉక్కపోత వల్ల కాబోలు. నిజానికి అదే ఉష్ణోగ్రత, అదే పీడనం దగ్గర తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. ఒకే కొలత పాత్రలో ఏ వాయువైనా అణువుల సంఖ్య సమానమే. నీటి అణువు భారం 18, నైట్రోజన్ 28, ఆక్సిజన్ 32. ఆవిరి చేరిందంటే 28, 32 భారాల వాళ్లను లేపి 18 భారం వాణ్ణి కూర్చోబెట్టినట్టు. వేడెక్కిన నేల మీది గాలి తేలికై లేస్తుంది, తేమ దానికి తోడ్పడుతుంది.

రెండోది తేమ శాతం. ఒక ఘనమీటరు చోటులో 10 డిగ్రీల దగ్గర సుమారు 9 గ్రాముల ఆవిరి నిలవగలదు, 20 దగ్గర 17, 30 దగ్గర 30. తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములతో నిండుగా ఉన్న గాలిలో తేమ 100 శాతం. మంచు బిందువులు, పొగమంచు అందుకే. మధ్యాహ్నానికి 30 డిగ్రీలైతే అదే 9 గ్రాములు 30 శాతమే. ఆవిరి ఎక్కడికీ పోలేదు, భాగహారంలో కింది అంకె మారింది.

చిరుజల్లు | శనివారం, మధ్యాహ్నం 12:10

మేఘంలో నీళ్లుంటే అది కింద పడదేమి?

ఆవిరి | శనివారం, మధ్యాహ్నం 12:45

పడుతూనే ఉంటుంది! మేఘంలోని బిందువు మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు. అంత చిన్నది గాలిలో సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది, కింది నుంచి లేచే గాలి అంతకంటే ఎక్కువ వేగంతో తోస్తుంది. 2 మిల్లీమీటర్ల వానచినుకు కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. అప్పుడు గాలి దాన్ని మోయలేదు. కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మామూలు దూదిమేఘంలో నీళ్లు సుమారు ఐదు లక్షల కిలోలు. భయపడకు, అంతే చోటులో గాలి వంద కోట్ల కిలోలు ఉంటుంది.

నల్లబల్ల గారూ, సీసాలో మేఘం చేయించండి. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా, అడుగున రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు. మూత బిగించి గట్టిగా నొక్కి వదలండి. ఏమీ జరగదు, లేదా పలచగా మసక. ఇప్పుడు అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగ కొంచెం లోపలికి పోనిచ్చి మూత బిగించి, నొక్కి ఒక్కసారిగా వదలండి. ఆవిరి బిందువుగా మారాలంటే కూర్చోవడానికి ఒక రేణువు కావాలి, పొగ ఇచ్చేది అదే. అగ్గిపుల్ల మీరే పట్టుకోండి, పిల్లలకు ఇవ్వకండి.

నల్లబల్ల | మంగళవారం, సాయంత్రం 5:20

చేశాం. పొగ లేకుండా నాలుగుసార్లు నొక్కితే ఏమీ రాలేదు, వెనక బెంచీలో ఆవలింతలు. పొగ పెట్టి నొక్కి వదిలేసరికి సీసా మొత్తం పాలవిరుగుడులా తెల్లబడింది. మళ్లీ నొక్కితే మాయం, వదిలితే మళ్లీ తెలుపు. నలభై మంది వరుస కట్టి ఒక్కొక్కరూ నొక్కారు, నా గంటతో పాటు పక్క గంట కూడా పోయింది. నొక్కినప్పుడు గాలి కాస్త వేడెక్కి, వదిలినప్పుడు వ్యాకోచించి చల్లబడుతుందని చెబితే, "కొండ మీద చల్లగా ఉండేది కూడా అందుకేనా?" అని ఒకడు తనంతట తానే అన్నాడు.

పోయిన ఏడాది నన్ను ఇరికించిన అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. కిటికీలోంచి చూసి లోపలికి వచ్చి సీసా పట్టుకుంది. మళ్లీ ఒక ప్రశ్న: నీటి బిందువు కూర్చోవడానికి పొగ రేణువు కావాలంటే, వాన పడ్డాక ఆ రేణువు ఏమవుతుంది?

పాదరసం | మంగళవారం, సాయంత్రం 6:00

చినుకులోనే ఉంటుంది. చినుకుతో పాటు నేలకు దిగుతుంది. దారిలో ఎదురైన దుమ్మును కూడా చినుకు తనతో తీసుకుపోతుంది. కేంద్రంలో మేము రోజూ దృశ్యమానత రాసేవాళ్లం: ఎంత దూరంలో ఉన్న గుర్తు కంటికి కనబడుతోంది అని. పొడి రోజుల్లో మసకబారి ఉండే కొండ పెద్దవాన వెలిశాక చెట్టు చెట్టూ విడివిడిగా కనబడేది. వాన వెలిసిన వెంటనే దూరంగా ఏదైనా గుర్తు చూపించి, మర్నాడు, మూడో నాడు మళ్లీ చూడమని ఆ అమ్మాయికి చెప్పండి.